రివోకబుల్ ట్రస్టును మార్చాలన్నా, రద్దు చేయాలన్నా ఏం చేయాలి? కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు

ఇల్లు కొన్న ఏడాదో, మొదటి బిడ్డ పుట్టిన ఏడాదో చాలామంది లాయరు దగ్గరికి వెళ్లి లివింగ్ ట్రస్టు రాయించుకుంటారు. బతికుండగానే ఆస్తులను ట్రస్టు పేరిట పెట్టి, మన తర్వాత అవి ఎవరికి చెందాలో చెప్పే పత్రం అది. మార్చుకోవడానికి, రద్దు చేసుకోవడానికి వీలుంటే దాన్ని రివోకబుల్ అంటారు. ట్యాబులు పెట్టిన లావుపాటి బైండరు ఇంటికి వచ్చి, అలమరలో పాస్‌పోర్టుల పక్కన కూర్చుంటుంది. మళ్లీ పదేళ్లకు దుమ్ము దులిపి తెరిస్తే ఏముంటుంది? మన తర్వాత ట్రస్టీగా, అంటే ఆ ఆస్తులు చూసుకునేవాడిగా, ఉండాల్సిన బావమరిది ఎప్పుడో హైదరాబాదు వెళ్లిపోయాడు. రెండో బిడ్డ పేరు ఎక్కడా లేదు. అమ్మేసిన పాత ఇంటి చిరునామా మాత్రం పదిలంగా ఉంది. మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే.

అప్పుడు ఎవరికైనా తోచే మాట ఒకటే: “దీన్ని రద్దు చేసి కొత్తది రాయించుకుందాం.” కాస్త ఆగండి. రద్దు చేయడానికి ఒక సంతకం చాలు. కానీ ఆ ట్రస్టు పేరిట పెట్టిన ఇల్లు, బ్యాంకు ఖాతాలు ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోవడం మాత్రం నెలల పని. చాలా కుటుంబాలకు కావలసింది మార్పే తప్ప రద్దు కాదు. ఏది ఎప్పుడు చేయాలో, ఎలా చేయాలో వరుసగా చూద్దాం. ఇక్కడ చెప్పేది ప్రధానంగా కాలిఫోర్నియా చట్టం. వేరే రాష్ట్రాల్లో ఉన్నవారు తేడాలు గమనించాలి.

ముందు అది నిజంగా రివోకబులో కాదో చూడండి

కాలిఫోర్నియా ప్రోబేట్ కోడ్ 15400 సెక్షన్ ప్రకారం, ట్రస్టు పత్రంలో ‘ఇది రద్దు చేయరానిది’ అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప, ట్రస్టు పెట్టిన వ్యక్తి దాన్ని రద్దు చేయవచ్చు. పత్రం ఏమీ చెప్పకపోయినా రద్దు అధికారం ఉన్నట్టే లెక్క. టెక్సస్‌లోనూ అంతే. న్యూయార్క్‌లో తిరగేసిన వ్యవహారం: రద్దు చేయవచ్చని పత్రంలో రాసి ఉంటేనే రద్దుకు వీలు.

మన దేశంలో చట్టం కూడా న్యూయార్క్ దారిలోనే నడుస్తుంది. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం 78వ సెక్షన్ ప్రకారం, వీలునామాతో పెట్టిన ట్రస్టును రాసిన వ్యక్తి ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. మిగతావాటికి మాత్రం రద్దు అధికారాన్ని పత్రంలో ముందే స్పష్టంగా అట్టిపెట్టుకుని ఉండాలి, లేదా లబ్ధిదారులందరూ కాంట్రాక్టు చేసుకునే అర్హత ఉన్నవారై, అందరూ ఒప్పుకోవాలి. అప్పులు తీర్చడానికి పెట్టిన ట్రస్టయితే, ఆ సంగతి అప్పులవాళ్లకు ఇంకా తెలియజేయకముందు వెనక్కి తీసుకోవచ్చు. విజయవాడలో నాన్నగారు రాసిన ట్రస్టు పత్రాన్ని కాలిఫోర్నియా కళ్లద్దాలతో చదివితే పప్పులో కాలేసినట్టే.

సంతకం పెట్టే హక్కు ఎవరిది?

ట్రస్టు పెట్టిన వ్యక్తిని సెట్లర్ అంటారు. ఆ వ్యక్తి బతికి ఉండి, తాను ఏం చేస్తున్నాడో తెలిసే స్థితిలో ఉన్నంతకాలం హక్కు ఆయనదే. పిల్లలను అడగక్కర్లేదు, లబ్ధిదారులకు చెప్పక్కర్లేదు. ఆయన పోయిన క్షణం నుంచి ట్రస్టు రద్దు చేయరానిది అయిపోతుంది. “నాన్న మార్చాలనుకున్నారు, మాకు చెప్పారు కూడా” అన్న మాట ఇక పనికిరాదు.

భార్యాభర్తలు కలిసి పెట్టిన ట్రస్టులో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. పెళ్లయ్యాక ఇద్దరూ సంపాదించినది కాలిఫోర్నియాలో సాధారణంగా ఇద్దరి ఉమ్మడి సొత్తు. ఆ ఉమ్మడి ఆస్తి విషయంలో ట్రస్టును *రద్దు* చేయడానికి, పత్రం వేరుగా చెప్పకపోతే, ఇద్దరిలో ఒక్కరి సంతకం చాలు. దంపతులిద్దరూ ఉండగా ఆ ఆస్తిపై హక్కులను *మార్చడానికి* మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి. ఫ్యామిలీ కోడ్ 761 సెక్షన్ చెప్పేది ఇదే. వినడానికి తలకిందులుగా ఉన్నా తర్కం ఉంది. రద్దు చేస్తే ఆస్తి తిరిగి ఇద్దరి ఉమ్మడి ఆస్తిగానే బయటికి వస్తుంది కాబట్టి ఎవరి వాటా పోదు. మార్పు పేరుతో మాత్రం ఒకరి వాటాను ఇంకొకరు ఎవరికో రాసేయవచ్చు.

దంపతుల్లో ఒకరు పోతే? కొన్ని పత్రాల్లో బతికున్నవారు మొత్తం మార్చుకోవచ్చు. కొన్నింటిలో ట్రస్టు రెండుగా చీలి, పోయినవారి సగం గట్టిపడిపోతుంది. బతికున్నవారు తమ సగాన్నే ముట్టుకోగలరు. ఇది చూడకుండా సంతకం పెట్టిన సవరణలు తర్వాత కోర్టు మెట్లెక్కుతాయి.

ఇక పవర్ ఆఫ్ అటార్నీ సంగతి. అమ్మకు మతిమరుపు వచ్చింది, కొడుకు దగ్గర అన్ని అధికారాలూ ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. దానితో ట్రస్టు మార్చేయవచ్చా? కుదరదు. ఆ అధికారం పొందిన ఏజెంటు మార్చవచ్చని ట్రస్టు పత్రంలోనే స్పష్టంగా ఉంటే తప్ప కాలిఫోర్నియా ఒప్పుకోదు. పవర్ ఆఫ్ అటార్నీలో ఎంత గట్టిగా రాసుకున్నా అది చాలదు.

పత్రంలో ఒక్క పేరా కోసం వెతకండి

బైండరు మొత్తం చదవకపోయినా ఫర్వాలేదు కానీ ‘సవరణ, రద్దు’ అన్న శీర్షిక కింద ఉన్న పేరాను మాత్రం అక్షరం అక్షరం చదవండి. మూడు సంగతులు చూడాలి: రాతపూర్వకంగా అన్నారా, నోటరీ కావాలన్నారా, ‘ఈ పద్ధతిలో మాత్రమే’ అన్నారా.

ఈ ‘మాత్రమే’ అన్న మాట విలువ 2024లో తేలింది. చట్టం రెండు దారులు ఇస్తుంది. ఒకటి, పత్రంలో చెప్పిన దారి. రెండోది, సెట్లర్ సంతకం చేసిన రాతను తాను బతికుండగా ట్రస్టీకి అందించడం. ఒక పత్రంలో నోటరీ చేసిన రాతతో మార్చవచ్చని ఉంది. సెట్లర్ నోటరీ లేకుండానే సవరణ రాసి సంతకం పెట్టింది. ఆమె పోయాక, దానివల్ల వాటా పోగొట్టుకున్నవారు ఆ సవరణ చెల్లదన్నారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెల్లుతుందంది. పత్రంలోని పద్ధతే ఏకైక పద్ధతి అని స్పష్టంగా రాసి లేనప్పుడు రెండో దారి తెరిచే ఉంటుందని చెప్పింది.

దీన్ని చూసి నోటరీ ఎందుకులే అనుకోకండి. ఆ సవరణ గెలవడానికి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. నోటరీ ముద్రకు అయ్యే ఖర్చు ఎంత, ఆ వ్యాజ్యానికి అయిన ఖర్చు ఎంత?

2019లో అప్పీలు కోర్టు తేల్చిన ఇంకో కేసు నాకు మరీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఒకాయన తన ట్రస్టు సవరణ కాపీ మీదే పెన్నుతో కొట్టివేతలు చేసి, పక్కన కొత్త పేర్లు రాసి, పైన చిన్న స్టిక్కీ నోటు అంటించి, పద్ధతిగా టైపు చేయించమని లాయరుకు పంపాడు. ఆ పత్రం సంతకానికి రాకముందే ఆయన పోయాడు. చేతిరాత ఆయనదే, ఉద్దేశం స్పష్టమే, తానే ట్రస్టీ కాబట్టి ట్రస్టీకి అందినట్టే. కానీ ఆ మార్పుల కింద సంతకం లేదు. అందుకే చెల్లలేదు. బైండరులో పెన్నుతో దిద్దే అలవాటు ఎవరికైనా ఉంటే ఇక్కడితో మానేయండి.

సవరణా, తిరగరాతా, రద్దా?

ఒకటి రెండు చోట్ల మార్పు, అంటే ట్రస్టీ పేరో, ఒక వాటానో మారాలంటే, సవరణ చాలు. ఒకటి రెండు పేజీల కాగితం.

నాలుగైదు చోట్ల మారాలంటే, లేదా ఇప్పటికే రెండు సవరణలు ఉంటే, మొత్తాన్ని తిరగరాయించండి. దీన్ని రీస్టేట్‌మెంట్ అంటారు. లోపలి నిబంధనలన్నీ కొత్తవే, కానీ ట్రస్టు మాత్రం పాతదే. పేరూ, పుట్టిన తేదీ మారవు. ఈ పద్ధతిలో ఉన్న అందమంతా ఇక్కడే ఉంది. మీ ఇంటి డీడు (యాజమాన్య దస్తావేజు) మీద ‘2014 మే 6 నాటి ఫలానా ఫ్యామిలీ ట్రస్టు’ అని ఉందనుకోండి. తిరగరాసిన తర్వాత కూడా అది 2014 మే 6 నాటి ట్రస్టే. డీడు ముట్టుకోనక్కర్లేదు, బ్యాంకుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఇంకో లాభం కూడా ఉంది. మన తర్వాత లబ్ధిదారులకు ట్రస్టు కాపీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు ‘ఫలానావాడి వాటా తీసేశాం’ అని చెప్పే సవరణ కాగితం ఇంట్లో అందరి కళ్లా పడే అవకాశం తక్కువ. అన్నదమ్ముల మధ్య ఇది చిన్న విషయమేమీ కాదు.

రద్దు ఎప్పుడు? విడాకులప్పుడు, రాష్ట్రం మారి అక్కడి చట్టం కింద మొదటినుంచీ కొత్తగా పెట్టుకోవాలనుకున్నప్పుడు, ట్రస్టులో ఆస్తంటూ ఏమీ మిగలనప్పుడు. మా లాయరు మాటల్లో చెప్పాలంటే, ఇంట్లో కుళాయి కారుతోందని ఇల్లు పడగొట్టుకోరు.

కాగితం రాసి సంతకం పెట్టడం

సవరణ కాగితం ఇంగ్లీషులోనే ఉంటుంది. దాని సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

“2014 మే 6న మేము పెట్టిన ఫలానా ఫ్యామిలీ ట్రస్టులోని 9వ అధికరణం మాకు ఇచ్చిన అధికారంతో ఆ ట్రస్టును ఇలా సవరిస్తున్నాం. 4వ అధికరణంలోని ‘బి’ పేరాను పూర్తిగా తొలగించి, దాని స్థానంలో ఈ కింది పేరా చేరుస్తున్నాం. (కొత్త పేరా.) మిగిలిన నిబంధనలన్నీ యథాతథంగా అమల్లో ఉంటాయి.”

ఇందులో ప్రతి ముక్కా అవసరమే. ట్రస్టు పూర్తి పేరు, తేదీ, ఏ అధికరణం ఇచ్చిన అధికారం, ఏ పేరా పోతోంది, ఏది వస్తోంది. ‘పెద్దవాడికి కొంచెం ఎక్కువ ఇవ్వాలి’ లాంటి వాక్యం కోర్టుకు ఆహ్వానపత్రిక. రద్దు కాగితమైతే ‘4వ అధికరణం’ వాక్యానికి బదులు, ట్రస్టును పూర్తిగా రద్దు చేస్తున్నాం, అందులోని ఆస్తులన్నీ ఫలానా విధంగా మాకు తిరిగి బదిలీ చేయాలని ట్రస్టీని ఆదేశిస్తున్నాం అని ఉంటుంది.

దంపతులిద్దరూ సంతకం పెట్టండి, తేదీ వేయండి, నోటరీ చేయించండి. న్యూయార్క్‌లో అయితే డీడుకు చేసినట్టు అధికారి ముందు ధ్రువీకరణ, లేదా ఇద్దరు సాక్షులు ఉండాలి. టెక్సస్‌లో రాతపూర్వకంగా పెట్టిన ట్రస్టును మార్చేదీ రాతపూర్వకంగానే ఉండాలి.

‘ట్రస్టీకి అందించడం’ అన్నది మీరే ట్రస్టీ అయితే వింతగా తోస్తుంది. మీ కాగితం మీరే మీకు ఇచ్చుకోవడం. అయినా అడుగున ఒక వాక్యం చేర్చండి: ‘ఈ పత్రం ట్రస్టీలుగా మాకు ఈ తేదీన అందింది’. కింద సంతకం. అర నిమిషం పని. ట్రస్టీ వేరే మనిషో, బ్యాంకో అయితే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఒక హెచ్చరిక. మార్పువల్ల లాభపడే మనిషి దగ్గరుండి టైపు చేసి, తల్లినో తండ్రినో కారులో నోటరీ దగ్గరికి తీసుకెళ్లడం మన ఇళ్లలో సహజం. మిగతా తోబుట్టువుల లాయరు మొదట పట్టుకునేది ఆ సంగతినే. కన్నబిడ్డలు కాక, పత్రం రాసిన బయటివాళ్లకో, ఆ పెద్దవాళ్ల సంరక్షణ చూసేవారికో ఆస్తి వెళుతుంటే చట్టమే మోసమని ముందస్తుగా అనుమానిస్తుంది. అలాంటప్పుడు సంబంధం లేని మరో లాయరు పెద్దవాళ్లతో విడిగా మాట్లాడి, ఇది వారి సొంత నిర్ణయమేనని ధ్రువపత్రం ఇవ్వాలి.

రద్దు చేసినవారికి అసలు పని

రద్దు కాగితం మీద సంతకం ఆరేలోపు ఇల్లు మీ పేరుకు రాదు. రికార్డుల్లో అది ఇంకా ట్రస్టీల పేరిటే ఉంటుంది. ట్రస్టీలుగా మీరు, వ్యక్తులుగా మీకే, ఒక డీడు రాసివ్వాలి. నోటరీ చేయించి, ఇల్లున్న కౌంటీ రికార్డరు కార్యాలయంలో నమోదు చేయించాలి. దానితోపాటు యాజమాన్యం మార్పు గురించిన ప్రాథమిక నివేదిక ఫారం కూడా ఇవ్వాలి. అందులో రివోకబుల్ ట్రస్టు నుంచి వెనక్కి వస్తున్న ఆస్తి అని గుర్తు పెట్టడం మరవకండి. అలా వెనక్కి రావడాన్ని చట్టం యాజమాన్యం మారడంగా చూడదు కాబట్టి, 1978 నాటి ప్రొపొజిషన్ 13 కింద మీకున్న పాత ఆస్తిపన్ను విలువ అలాగే ఉంటుంది. ఆ గడి వదిలేస్తే, మళ్లీ విలువ కడతామంటూ నోటీసు వచ్చి, దాన్ని తిప్పికొట్టడానికి ఉత్తరాలు రాసుకోవాల్సి వస్తుంది.

డీడులో దంపతుల పేర్ల పక్కన ఏ రకమైన హక్కు రాస్తారన్నది కూడా లాయరును అడిగి తేల్చుకోండి. బతికున్నవారికి నేరుగా చెందే ఉమ్మడి ఆస్తిగా రాయడానికీ, జాయింట్ టెనెన్సీ అనే ఇంకో రకం ఉమ్మడి హక్కుగా రాయడానికీ తర్వాత పన్నుల్లో తేడా వస్తుంది.

బ్యాంకు, బ్రోకరేజి ఖాతాలకు వాళ్ల సొంత ఫారాలుంటాయి. ట్రస్టును సవరించి ట్రస్టీ మారిన సందర్భంలో మాత్రం మొత్తం పత్రం చూపించనక్కర్లేదు. ఎవరు ట్రస్టీలు, ఏ అధికారాలున్నాయి అన్నది మాత్రమే చెప్పే రెండు మూడు పేజీల ‘ట్రస్టు ధ్రువీకరణ’ కొత్తది ఇస్తే చాలు. ఎవరికెంత వాటా అన్నది బ్యాంకు గుమాస్తాకు తెలియాల్సిన అవసరం లేదు. 401కే, ఐఆర్‌ఏ లాంటి రిటైర్మెంటు ఖాతాలు, జీవిత బీమాలు వేరే లోకం. వాటిలో లబ్ధిదారుగా ట్రస్టు పేరు పెట్టి ఉంటే విడివిడిగా మార్చాలి. ఆదాయపు పన్ను విషయంలో భయం లేదు. రివోకబుల్ ట్రస్టు ఆదాయం మొదటినుంచీ మీ సొంత రిటర్నులోనే చూపిస్తున్నారు కదా.

రద్దు చేసి ఊరుకుంటే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. 10 లక్షల డాలర్ల విలువైన, అద్దెకిచ్చిన ఇల్లు మీ పేరు మీదే ఉండగా ఏదైనా జరిగితే, అది ప్రోబేట్ కోర్టుకు, అంటే పోయినవారి ఆస్తిని వారసులకు అప్పగించే కోర్టుకు, వెళ్లాలి. లాయరు ఫీజు చట్టమే నిర్ణయించింది: మొదటి లక్ష డాలర్ల మీద 4 శాతం, రెండో లక్ష మీద 3 శాతం, తర్వాతి 8 లక్షల మీద 2 శాతం. మొత్తం 23,000 డాలర్లు. వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటరుకు కూడా అంతే పుచ్చుకునే హక్కుంది. ఇంటి మీద 6 లక్షల అప్పున్నా సరే, లెక్క 10 లక్షల మీదే. 2025 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ పోయినవారి విషయంలో, మొత్తం 2,08,850 డాలర్ల లోపు ఆస్తులకు పూర్తి ప్రోబేట్ అవసరం లేకుండా తేలిక దారి ఉంది. సొంతంగా నివసించే ఇల్లయితే 7,50,000 దాకా సులువు పద్ధతి ఉంది, అదైనా కోర్టులో అర్జీ పెట్టుకోవాల్సిందే. బే ఏరియాలో ఆ ధరకు ఇల్లు ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలియదు.

బైండరు వెనుక ట్యాబులో వీలునామా

ట్రస్టుతోపాటు లాయరు ఒక చిన్న వీలునామా కూడా రాయించి ఉంటారు. ట్రస్టులో చేర్చడం మరిచిపోయిన ఆస్తులన్నీ చివరికి ట్రస్టులోకే వచ్చిపడాలని అది చెబుతుంది. ట్రస్టు రద్దయితే ఆ వీలునామాకు గమ్యం పోతుంది. వీలునామాలో వేరే ఏర్పాటు లేకపోతే ఆ ఇవ్వడమే చెల్లకుండా పోతుందని కాలిఫోర్నియా చట్టం. కాబట్టి రద్దు రోజునే కొత్త వీలునామా మీద కూడా సంతకం పెట్టండి. మైనరు పిల్లల సంరక్షకుల పేర్లు ఉండేది ఆ వీలునామాలోనే అని గుర్తుంచుకోండి.

తిరగదిప్పి చూస్తే, ‘నా ట్రస్టు రద్దు’ అని వీలునామాలో రాస్తే కుదురుతుందా? ట్రస్టు పత్రం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప కుదరదు. చట్టం ఇచ్చిన రెండో దారిలో వీలునామాను పేరుపెట్టి మరీ మినహాయించారు.

విడాకుల కేసు నడుస్తుంటే

కాలిఫోర్నియాలో విడాకుల అర్జీ అందిన వెంటనే ఇద్దరి మీదా కొన్ని ఆంక్షలు వాటంతటవే అమల్లోకి వస్తాయి. ట్రస్టు వాటాలను ఒంటరిగా మార్చడానికి వీల్లేదు. అవతలివారి రాతపూర్వక అంగీకారం గానీ కోర్టు ఉత్తర్వు గానీ ఉండాలి. రద్దు మాత్రం చేయవచ్చు, కానీ అమల్లోకి రాకముందే నోటీసు కోర్టులో దాఖలు చేసి అవతలివారికి అందించాలి. ఈ దశలో ఇంటర్నెట్‌లో దొరికిన ఫారంతో సొంత వైద్యం చేసుకోవద్దు.

గుంటూరులోనో వరంగల్‌లోనో స్థలం ఉంటే

కాలిఫోర్నియా ట్రస్టు జాబితాలో ‘ఇండియాలోని ఆస్తులన్నీ’ అని ఒక వరుస రాసుకున్నంత మాత్రాన అక్కడి స్థలం ట్రస్టులోకి రాలేదు. భారతదేశంలో స్థిరాస్తి మీద ట్రస్టు పెట్టాలంటే రాతపూర్వక పత్రం ఉండాలి, దానికి రిజిస్ట్రేషన్ కావాలి, వీలునామాతో పెట్టినది తప్ప. అందుకే ఇక్కడ మీరు ట్రస్టును సవరించినా రద్దు చేసినా అక్కడి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఏమీ కదలదు. అక్కడి ఆస్తికి అక్కడే విడిగా వీలునామా రాసుకోవడం మేలు.

అలా రాసేటప్పుడు మన దస్తావేజు లేఖరులు అలవాటుగా చేర్చే వాక్యం ఒకటుంది: “ఇంతకు పూర్వం నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే అవి ఇందుమూలంగా రద్దు చేయబడినవి.” సెలవుల్లో ఊరికి వెళ్లి, తిరుగు విమానానికి రెండు రోజుల ముందు హడావిడిగా ఈ వాక్యం కింద సంతకం పెడితే, కాలిఫోర్నియా బైండరులోని వీలునామాకు కూడా ఎసరు వస్తుంది. ‘భారతదేశంలోని ఆస్తులకు సంబంధించి’ అన్న మూడు మాటలు ఆ వాక్యంలో చేర్పించండి. ఇక్కడి వీలునామాలోనూ ఇండియాలో రాసినదాన్ని ఇది రద్దు చేయదని అదే విధంగా రాయించుకోండి.

కొత్త కాగితాలు వచ్చాక పాతవి చింపి పారేయకండి. రేపు ఎవరైనా కొత్త సవరణ చెల్లదని కోర్టులో నెగ్గితే, దానికి ముందున్న పత్రమే మళ్లీ లేచి నిలబడుతుంది. మా అలమరలో ఇప్పుడు రెండు బైండర్లున్నాయి. పాతదాని మీద ఎర్ర ఇంకుతో ‘తిరగరాసినది’ అని అట్ట మీద మాత్రమే రాశాం. లోపలి పేజీల మీద పెన్ను పెట్టలేదు.